వదిన కుడి మూత్రపిండం

ఎలుక మూత్రపిండం చిక్కుడు గింజంత ఉంటుంది. మా ఇంట్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. దేవరయాంజాల్ నుంచి పొద్దున్నే కంపెనీ కారెక్కి తుర్కపల్లి పోయి నేను చేసే పని అదే మరి. కొత్త మందు ఏదైనా తయారైతే ముందు ఎలుకలకు పెడతారు. కొన్నాళ్ల తర్వాత వాటి గుండెలు, కాలేయాలు, మూత్రపిండాలు మా బల్ల మీదికి వస్తాయి. వాటిని మైనంలో పోసి గట్టిపడ్డాక, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు అద్దాలి. కణం లోపలి గింజ నీలంగా, చుట్టూ ఉన్న కండ గులాబీగా తేలేదాకా నా వంతు. సూక్ష్మదర్శినిలో చూసి మంచీ చెడూ తేల్చేది చదువుకున్న పెద్దవాళ్లు. చూసీ చూసీ నాకూ కొంత పట్టుబడింది. ఆ కొంత నాకు పట్టుబడకపోయినా బాగుండేదని తర్వాత అనుకున్నాను. సగం తెలిసిన మనిషికి ఉండే భయం, ఏమీ తెలియని మనిషికి ఉండదు.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా చుట్టూ ద్రాక్ష తోటలు ఒక్కటొక్కటే రాళ్లు పాతిన ప్లాట్లవుతున్న కాలం. నాయిన ఆ తోటల్లోనే తీగలు కత్తిరించే పనికి పోయేవాడు. అన్నకు ఊళ్లో పిండి గిర్ని ఉండేది. నా ఉద్యోగం గురించి ఇంట్లో ఒకటే ఎగతాళి.

"ఎలుకలు కోసుటానికేనా బీఎస్సీ సదివించింది? గా పని మన పిల్లి ముఫత్‌ల జేస్తది" అనేవాడు అన్న.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "నువ్వు పొద్దుందాక జొన్నలు పిండి చేస్తున్నవు, నేను ఏమన్న అంటున్ననా?" అని ఎగిరేదాన్ని. వదిన మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

వదిన మా ఇంటికొచ్చి అప్పటికి నాలుగైదేళ్లయింది. మూడేళ్ల పాప. అన్న సరుకుకని బయటికి పోతే గిర్ని తనే నడిపేది, ఒంటి నిండా పిండి పడినా విసుక్కునేది కాదు. నన్ను చెల్లె అని పిలిచేది. మా అమ్మకు ఆమె మీద ఒకే ఒక ఫిర్యాదు. మా ఇంట్లో పండగ పూట ఆడవాళ్లంతా పెరట్లో కూర్చుని ఒకరి వీపుకు ఒకరు నూనె రాసి, శెనగపిండితో నలుగు పెట్టుకుంటాం. అవ్వ కాలం నుంచీ అదే పద్ధతి. వదిన ఒక్కతే ఆ వరసలో ఎప్పుడూ కూర్చోలేదు. అందరికంటే ముందు లేచి, తలుపు గడియ పెట్టుకుని స్నానం చేసి, మెడ దాకా మూసిన జాకెట్టు తొడుక్కుని, ముఖానికి పసుపు దట్టంగా పట్టించుకుని బయటికి వచ్చేది.

"నీ ఈపు మేము సూస్తే అరిగిపోతదానే?" అని అమ్మ వేళాకోళం చేసేది.

"నాకు సిగ్గయితది అత్తమ్మా" అనేది వదిన. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

ముక్కుకు రెండు పక్కలా ఆమెకు చిన్న చిన్న ఎర్రటి పొక్కులుండేవి. పెళ్లయి పిల్ల పుట్టినా తగ్గని మొటిమలేమిటా అని నేనొక క్రీము తెచ్చిచ్చాను. రెండు రోజులు రాసుకుని పక్కన పెట్టింది. పసుపే నయం అన్నది. ఆ పొక్కుల గురించి ఇంట్లో మళ్లీ ఎవరం ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం ఆమెకు కుడి పక్క నొప్పి మొదలైంది. వేడి చేసిందనుకున్నాం. అమ్మ బార్లీ కాచి తాగించింది. నొప్పి తగ్గింది, మళ్లీ వచ్చింది. మూత్రంలో రక్తం పడుతున్న సంగతి వదిన ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం గిర్నిలో పిండి తూకం వేస్తూ వేస్తూ కాటా పక్కనే కూలబడింది. అన్న ఆమెను ఆటోలో వేసుకుని మేడ్చల్ స్కాన్ సెంటర్‌కు తీసుకుపోయాడు. నేను కంపెనీ నుంచి నేరుగా అక్కడికే పోయాను.

ఆ స్కాన్ డాక్టరు మహా మాటకారి. పొట్ట మీద చల్లటి జిగురు పూస్తూ, "పొద్దున ఏం తిన్నవమ్మా? పాప బడికి పోతున్నదా?" అని ఊరడింపుగా మాట్లాడుతూనే ఉన్నాడు. యంత్రాన్ని కుడి డొక్క మీద పెట్టాడు. మాట ఆగింది. అటు జరిపాడు, ఇటు జరిపాడు, గట్టిగా నొక్కాడు. వదిన అమ్మా అని మూలిగింది. ఎడమ వైపు పెట్టాడు. అక్కడా మాట లేదు. గదిలో ఫంకా చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"రాళ్లున్నయా సార్?" అన్న అడిగాడు.

"రాళ్లయితే బాగుండు. కుడి కిడ్నీలో బత్తాయి అంత గడ్డ ఉన్నది. ఎడమ దాంట్లో గూడ చిన్న చిన్నయి కనవడుతున్నయి. జల్దీ పట్నం తీస్కపోర్రి."

అన్నకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అక్కడున్న ఇనప స్టూలు మీద కూర్చుండిపోయాను. గడ్డ ఒక వైపు ఉంటే ఆ కిడ్నీ తీసేసి రెండోదాని మీద బతకొచ్చు. రెండు వైపులా ఉంటే?

పట్నంలో పెద్ద స్కాన్ తీశారు. అది చూసి ఆపరేషన్ చేసే డాక్టరు చెప్పిన ముక్క నాకిప్పటికీ గుర్తే. కిడ్నీలో వచ్చే గడ్డల్లో కొవ్వు గడ్డలని కొన్ని ఉంటాయట. కొవ్వు మామూలు స్కాన్‌లో తెల్లగా, ఈ పెద్ద స్కాన్‌లో నల్లగా కనపడుతుంది, అట్లా కనపడితే భయం లేదు, అది కాన్సర్ కాదనే లెక్క. వదిన పెద్ద గడ్డలో నలుపు కనపడలేదు. ఎడమ వైపువి మరీ చిన్నవి, వాటిని చూసి ఏమీ చెప్పలేమన్నాడు.

"కాన్సర్ అనే అనుకోవాలి. కుడి కిడ్నీ తీసేస్తాం. కానీ ఎడమ పక్క కూడా ఉన్నాయి కాబట్టి, తీసే ముందు సూదితో ముక్క తీసి పరీక్ష చేయిద్దాం" అన్నాడు.

అన్న గోడకానుకుని నిలబడ్డాడు. గిర్ని పిండి అతని కనుబొమల మీద ఇంకా తెల్లగా ఉంది, ముఖమూ అంతే తెల్లగా ఉంది. వదిన మాత్రం పాపకు అన్నం ఎవరు పెడుతున్నారో అడిగింది.

సూది పరీక్ష నాడు జాకెట్టు విప్పనని మొండికేసింది. నర్సు కసిరింది. చివరికి నడుము పైదాకా మాత్రం జాకెట్టు జరుపుకుని బోర్లా పడుకుంది. మధ్యలో కంత ఉన్న పచ్చ గుడ్డ కప్పి, కంతలోంచి సూది దింపారు. దారపు పోగుల్లాంటి ముక్కలు వచ్చాయి. రోజూ ఎలుకల మాంసం కోసే నేను, ఆ చిన్న సీసాలో తేలుతున్న వదిన ముక్కలను చూడలేక ముఖం తిప్పుకున్నాను.

ముక్కలు చూసే డాక్టరు ఒక పెద్దావిడ. వేరే ఊరి మాట, నెమ్మది మనిషి. జవాబు కోసం అన్నతో పోయిన నేను, నా పనేమిటో ఆమెకు చెప్పుకున్నాను.

"అయితే మనిద్దరిదీ ఒకటే వంట" అని నవ్వింది. "రా, చూద్దువు గాని."

నేను చూడకుండా ఉండాల్సింది. కానీ చూస్తాననే కదా పోయింది. కళ్లు ఆనించాను. మూత్రపిండం అంటే నా కళ్లకు ఒక బొమ్మ అలవాటు. గులాబీ రంగులో సన్నటి గొట్టాలు, మధ్య మధ్య గుండ్రటి దారపుండల్లాంటివి, అంతా ఒక క్రమంలో. ఇక్కడ ఆ క్రమం లేదు. గొట్టాలు లేవు, ఉండలు లేవు. ఉబ్బిపోయిన పెద్ద పెద్ద కణాలు, వాటిలో ఒక్కోటి ఒక్కో సైజు గింజ, కొన్ని ముదురు నీలంగా, వికారంగా. మందు పడక పాడైన ఎలుకల్లో కూడా నేనట్లాంటివి చూడలేదు. ఇది మా వదిన లోపల ఉన్నది, ఆమె పిండి జల్లెడ పట్టేటప్పుడు, పాపకు జడ వేసేటప్పుడు ఇది లోపల పెరుగుతున్నది అనిపించింది.

"కాన్సరే కదా మేడం?" అన్నాను.

"చూడ్డానికి అట్లాగే ఉన్నాయి. తొందరపడితే నేనూ అదే రాసేస్తాను. కానీ ఇదిగో, ఈ పక్కన రక్తనాళాల గోడలు చూశావా? ఉండాల్సిన దానికంటే బాగా మందంగా ఉన్నాయి. కాన్సర్‌లో ఇట్లా ఉండదు. కొవ్వు గడ్డల్లోనే ఒక అరుదైన రకం ఉంది, కొవ్వు దాదాపు లేకుండా పెరుగుతుంది. అది కాన్సర్ వేషం వేసుకుని మమ్మల్ని మోసం చేస్తుంది. ఇంకో రంగు వేయిస్తాను. అది గోధుమ రంగులో పట్టుకుంటే ఈ రకం అని తెలుస్తుంది."

ఇంటివాళ్లను ఒకసారి తీసుకురమ్మని కూడా చెప్పింది. అందరం పోయాం. వదిన, అన్న, అమ్మ, నేను. వదిన వాళ్లమ్మ బహదూర్‌పల్లి నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. పట్నం డాక్టరమ్మ ముందుకు పోతున్నాం కదా అని ఆవిడే కూతురి ముఖానికి పసుపు మరో పొర పట్టించి, బొట్టు దిద్ది తెచ్చింది. ముత్తైదువ వట్టి ముఖంతో గడప దాటదు, మా వైపు అది మామూలే.

డాక్టరమ్మ ఆ పసుపు ముఖం వైపు ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "నీకు చిన్నప్పుడు ఫిట్స్ ఏమైనా వచ్చాయామ్మా?"

"లేదు మేడం."

"ఒంటి మీద ఎక్కడైనా తెల్ల మచ్చలు ఉన్నాయా? పుట్టినప్పటి నుంచి?"

"లేవు మేడం."

"మా పిల్ల ఒంటి మీద పుట్టుమచ్చ గూడ లేదు మేడం. ముత్యమసొంటి పిల్ల" అని వదిన వాళ్లమ్మ అందుకుంది.

డాక్టరమ్మ కలం ఆగింది. ఆమె గాజు పలకలు చూసే డాక్టరు, మనిషి జాకెట్టు విప్పించి చూసే పని ఆమెది కాదు. "ఉంటే బాగుండేది" అని తనలో తను అనుకున్నట్టుగా అన్నది. తెల్ల మచ్చలుంటే బాగుండేదట! ఈవిడకు మతి ఉందా అనుకున్నాను. బయటికొచ్చాక అమ్మ కూడా అదే అన్నది. "కిడ్నీల గడ్డ అంటే ఒంటి మీద మచ్చలడుగుతది. ఏం డాక్టరో ఏమో!"

ఆ రంగు పరీక్ష జవాబు వచ్చేలోపు వదినకు ఇంకోసారి నొప్పి వచ్చింది. గడ్డలో రక్తం కారుతోందన్నారు. ఇక ఆగితే అది లోపలే పగిలిపోవచ్చని, రంగు పట్టినా పట్టకపోయినా సోమవారం కుడి కిడ్నీ తీసేస్తానని ఆపరేషన్ డాక్టరు తేల్చేశాడు. ఇంతలో రంగు జవాబూ వచ్చింది. అది పట్టీ పట్టనట్టు పట్టింది. అక్కడక్కడ కొన్ని కణాలే గోధుమ రంగుకు తిరిగాయి.

"ఇంత చిన్న ముక్కలో ఇంత తక్కువ రంగును నమ్మి, కాన్సర్ కాదని నేనెట్లా రాసివ్వను?" అన్నది డాక్టరమ్మ ఫోనులో. ఆమె గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. "ఇంకొక్క ఆధారం ఉంటే ధైర్యం చేసేదాన్ని. పొరపాటైతే ప్రాణం పోతుంది."

సోమవారం ఆపరేషన్ అంటే ఆదివారం చేర్చాలి. ఆ రెండు మూడు రోజులు మా ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ పట్టలేదు. గిర్ని మూసి ఉంది. నాయిన వాకిట్లో కూర్చుని ఊరికే నేల వైపు చూసేవాడు. పాప ఏడిస్తే అందరం ఒకేసారి లేచేవాళ్లం. నాకైతే కంపెనీలో ఎలుక మూత్రపిండం ముట్టుకోబుద్ధయ్యేది కాదు. కుడిది తీసేస్తారు, సరే. ఎడమ దాంట్లోవి పెరిగితే? అదీ తీసేస్తారా? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి బుర్ర పనిచేసేది కాదు.

ఆదివారం పొద్దున అమ్మ నలుగు కలిపింది. కత్తి కిందికి పోయే మనిషిని మా ఇంటి ఆడవాళ్లు తలంటి, నూనె రాసి, నలుగు పెట్టి పంపాలి. పురిటికి పోయినా, ఆపరేషన్‌కు పోయినా అదే పద్ధతి. అవ్వ కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు కూడా పెరట్లో కూర్చోబెట్టి అట్లాగే చేశారు.

వదిన వద్దన్నది. "నేను జేసుకుంట అత్తమ్మా."

"కుడి చెయ్యి పైకి లేస్తలేదు, ఏం జేసుకుంటవు? నడువు."

"వద్దు."

"ఏందే గీ మొండితనం! ప్రాణం మీదికొస్తే గూడ సిగ్గేనా?" అమ్మ ఆమె రెక్క పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకుపోయింది. నేను వేడినీళ్ల బకెట్ మోసుకుంటూ వెనకాలే పోయాను. వదిన గోడకు వీపు ఆనించి కూర్చుంది. కదలనంటే కదలనన్నది. అమ్మ భుజం పట్టి ఇటు తిప్పబోయింది. వదిన ఒక్కసారి గట్టిగా కళ్లు మూసుకుంది. ఆమెలో బలం అయిపోయినట్టుంది. తనే తిరిగింది.

వీపు మీద, రెండు రెక్కల మధ్య, వేపాకు అంత తెల్ల మచ్చలున్నాయి. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస సన్నగా. భుజం కింద ఇంకోటి. వాటి చుట్టూ సున్నం చిలికినట్టు చిన్న చిన్న చుక్కలు.

బకెట్ నా చేతిలోంచి జారింది. నీళ్లు నా పాదాల మీద పడి చురుక్కుమన్నా కదలలేదు.

వదిన వెనక్కి తిరిగి అమ్మ కాళ్లు పట్టుకుంది. "బొల్లి గాదు అత్తమ్మా. పుట్టినప్పటి సంది గట్లనే ఉన్నయి, జర్రంత గూడ పెరుగలే. మా అమ్మ ఎవ్వలకు సెప్పొద్దన్నది. నన్ను తోలియ్యకుర్రి. మా అక్కకు గిట్లనే ఉంటే పెండ్లయిన ఏడాదికే తోలిచ్చిర్రు, దాని పిల్లగాన్ని గుంజుకున్నరు. నాకు నా బిడ్డ ఉన్నది అత్తమ్మా."

డాక్టరమ్మ ప్రశ్న నా చెవిలో గంటలా మోగింది. ఒంటి మీద తెల్ల మచ్చలు ఉన్నాయా? పుట్టినప్పటి నుంచి? ఉంటే బాగుండేది.

నాకు కోపం వచ్చిందా, సంతోషమా, భయమా, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. "నీ మొకం మండ!" అని అరిచాను. "గామె అడిగింది గియ్యే గదనే! మా అందరి ముందట అడిగింది! కిడ్నీ కోస్తనంటే గూడ దాస్తవా?"

"కిడ్నీ రెండున్నయి చెల్లె" అన్నది వదిన ఏడుస్తూ. "ఇల్లు ఒక్కటే ఉన్నది."

అమ్మ అట్లాగే నిలబడి ఉంది. ఏమంటుందో అని భయపడ్డాను. అమ్మ మంచిదే గాని, నలుగురేమంటారో అన్న భయం ఆవిడకూ తక్కువ కాదు. అంతకు పది నెలల ముందు పక్కింటి కోడలికి మచ్చ కనపడితే పెరటి గోడ మీది నుంచి తొంగి చూసిన మనిషే. వదిన ఆమె కాళ్లు వదల్లేదు. అమ్మ కిందికి వంగి, ఆ చేతులు విడిపించి, ఆమెను మళ్లీ అటు తిప్పి కూర్చోబెట్టింది. గిన్నెలోంచి నలుగు తీసి ఆ మచ్చల మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"గింత దానికి సచ్చిపోయేదానివా నువ్వు?" అన్నది. "పో పిల్లా, గా డాక్టరమ్మకు ఫోన్ కొట్టు. నీళ్లు మళ్ల నేను పోస్త."

చిన్నప్పుడు ఫిట్స్ కూడా వచ్చేవట. వాత పెట్టిస్తే తగ్గాయని ఇంట్లో నమ్మకం. ఆ వాత మచ్చ జుట్టు కింద, చెవి వెనక ఉంది. ఎవరైనా అడిగితే ఏమనాలో వాళ్లమ్మ చిన్నప్పటి నుంచీ నేర్పించింది. లేవు అనాలి. ఆ మాట ఆమెకు పేరు చెప్పినంత తేలిగ్గా వచ్చేసేదట.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి డాక్టరమ్మ వచ్చింది, ఆదివారమైనా. వదిన వాళ్లమ్మా వచ్చింది. డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది. వదిన వాళ్లమ్మ అలవాటు కొద్దీ "అసొంటివేం..." అని మొదలుపెట్టి, మా అమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"ఉన్నయి మేడం" అన్నది వదిన.

ఆ రోజు ఆమె ముఖానికి పసుపు లేదు. నలుగుతో కడిగిన ముఖం. డాక్టరమ్మ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పింది. ముక్కు పక్కనున్న పొక్కులను వేలితో తడిమింది. "ఇవి మొటిమలు కావమ్మా" అన్నది. "అన్నీ ఒకటే జబ్బు. పుట్టుకతో వచ్చేది. చర్మం మీద మచ్చలు, చిన్నతనంలో ఫిట్స్, కిడ్నీల్లో ఈ గడ్డలు. రెండు వైపులా ఎందుకున్నాయో, రంగు కొంచెమైనా ఎందుకు పట్టిందో ఇప్పుడు కుదిరింది. ఇది కాన్సర్ అని నేను రాయను."

అక్కడే నిలబడి ఆపరేషన్ డాక్టరుతో ఆమె చాలాసేపు మాట్లాడింది. వాళ్లిద్దరి గొంతులు లేచాయి, తగ్గాయి. తలుపు బయట మేమంతా నిలబడ్డాం. ఆయన కాదంటే రేపు పొద్దున కిడ్నీ పోతుంది. చివరికి ఆయన బయటికొచ్చి, కిడ్నీ తియ్యబోవడం లేదన్నాడు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం పోయే దారి మూసేస్తామన్నాడు. అది చేశారు. గడ్డ ఎండిపోతూ వచ్చింది. కిడ్నీ మిగిలింది. అన్న ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇంటికి పంపించే రోజు డాక్టరమ్మ వదిన మంచం మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "పిల్లలున్నారా?"

ఒక పాప ఉందని అన్న చెప్పాడు. పుట్టుకతో వచ్చేది అని ఆమె అన్నప్పుడే మాకందరికీ తట్టింది, ఎవరం పైకి అనలేదు. ఆ సాయంత్రం అమ్మ పాపను ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, ట్యూబులైటు కింద ఒళ్లంతా వెతికింది. నేను చూడలేక వంటింట్లోకి పోయాను. అమ్మ మాట ఎంతకీ వినపడకపోతే మళ్లీ నేనే వచ్చాను. మోకాలి వెనక ఒకటి. వీపు మీద ఒకటి. ఇన్నాళ్లూ వదిన రోజూ పసుపు రాసి స్నానం చేయించిన పిల్ల. ఎందుకు రాసిందో ఆ క్షణాన అర్థమైంది. వదిన తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది. అమ్మ పాప గౌను కిందికి లాగి, "దా, అన్నం తిందాం" అన్నది.

తర్వాత మా పెరట్లో వదిన మచ్చల వీపు మా అందరి వీపులతో పాటు వరసలో కూర్చుంది. పక్కింటివాళ్లు చూశారు, గుసగుసలాడారు. అమ్మ ఒకావిడను గోడ మీది నుంచే కడిగేసింది. కానీ భయం పోలేదు. ఏడాదికోసారి స్కాన్ తీయించాలి, వదినకు, పాపకు. ఆ నెల దగ్గర పడుతుంటే వదినకు ముద్ద దిగేది కాదు. నాకూ అంతే.

పాపకు ఏడెనిమిదేళ్లున్నప్పటి స్కాన్ ఒకటి నన్నిప్పటికీ వదలదు. అంతకు ముందు తీసినవన్నీ బాగానే వచ్చాయి. మేడ్చల్‌లో అదే గది, అదే మాటకారి డాక్టరు, జుట్టు కొంచెం నెరిసింది.

"ఏం బంగారం, ఏం కథ? ఎన్నో తరగతి?" అన్నాడు.

పాప బల్ల మీద కూర్చుని, గౌను మోకాలి పైకి లాగి, కాలు తిప్పి చూపించింది. "సార్, నాకు తెల్ల మచ్చలు ఉన్నయి. గిదిగో గీడొకటి, ఈపుకు ఒకటి. సిన్నప్పుడు ఒకసారి ఫిట్స్ గూడ వచ్చినయి. మా అమ్మకు గూడ ఉన్నయి. అడగకపోయినా డాక్టర్‌కు అన్నీ సెప్పాల్నని మా అమ్మ అన్నది."

డాక్టరు పకపకా నవ్వాడు. "మస్తు చెప్పినవు! పెద్దోళ్లు గూడ గిట్ల చెప్పరు." పడుకోబెట్టి జిగురు పూశాడు. బడి గురించి, టీచరు గురించి అడుగుతూ కుడి వైపు చూశాడు. ఎడమ వైపు పెట్టాడు. టీచరు పేరేంటి అని అడగబోయాడు.

మాట ఆగింది.

వదిన చెయ్యి నా చేతిని పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఫంకా తిరుగుతోంది. ఆయన తెర వైపు వంగాడు, యంత్రాన్ని కొంచెం జరిపాడు, మళ్లీ అక్కడికే తెచ్చాడు.

"ఏమున్నా సెప్పుర్రి సార్" అన్నది వదిన. "మా ఇంట్ల దాసుడు బంద్ జేసినం."

ఆయన తెరను మా వైపు తిప్పాడు. బూడిద రంగు మూత్రపిండంలో, ఒక అంచున, నువ్వు గింజంత తెల్లటి చుక్క మెరుస్తోంది.

పాప మెడ సాచి చూసింది. "ఉన్నదా సార్?"

"ఉన్నది బంగారం. ఒక్కటి. మస్తు చిన్నది."

"నేను సెప్పిన గదా!" అని పాప సంబరంగా మా వైపు తిరిగింది, పరీక్షలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పినట్టు. వదిన నా చెయ్యి వదిలి, కూతురి పొట్ట మీది జిగురును కొంగుతో తుడుస్తూ, "అవ్ బిడ్డా, నువ్వు మంచిగ సెప్పినవు" అన్నది.